కొత్త సున్నం మీద గీత

పోయిన వారం వీధివాళ్ళంతా కలిసి మేస్త్రిని నెత్తిన పెట్టుకొని ఊరేగినంత పని చేసిన చోట ఆగాం. ముసలివాళ్ళుండే పెద్దల క్వార్టర్లు కూలగొట్టి, ఆ స్థలంలో తొమ్మిదంతస్తులు లేపి, నూటయాభై మంది ముసలివాళ్ళకు గదులిస్తామని కాగితాలు వచ్చిన దగ్గర్నుంచి ఆ వీధికి మనశ్శాంతి లేదు. తొమ్మిదంతస్తులు లేస్తే మన ఇళ్ళకు ఎండ రాదు, గాలి రాదు, ఈ సందులో అంబులెన్సుకు అంబులెన్సు ఎదురైతే కదిలే దారుండదు అని ఒకరు. నూటయాభై మంది ముసలివాళ్ళంటే రోజూ ఎవరో ఒకరు పోతూనే ఉంటారు, పిల్లలు జడుసుకుంటారు అని ఇంకొకరు. ఇప్పుడున్న మూడంతస్తుల పాత కట్టడంలో నలభై రెండు గదులు, నలభై రెండు ప్రాణాలు. వాళ్ళ భయం వేరు. తాత్కాలికంగా ఎక్కడికో తరలిస్తారట, తిరిగొచ్చేదాకా మనం ఉంటామా అని.

ఇంతమంది భయాలకూ కలిపి దొరికిన ఒకే ఒక్క ఆసరా మేస్త్రి. ముప్ఫయ్యొక్క ఏళ్ళ కిందట దగ్గరుండి ఆ క్వార్టర్లు కట్టింది ఆయనే. ‘ఇంకో యాభై ఏళ్ళు చెక్కుచెదరదు’ అని ఆయనన్న మాటను వీధి సంఘం పెద్ద, మందుల షాపాయన, కరపత్రం మీద బొప్పాయికాయంత అక్షరాలతో అచ్చేయించాడు. కూలగొట్టాలా వద్దా అని విచారణకు వచ్చే అధికారులకు ఆ పాత భవనం ముచ్చటగా కనబడాలని వీధి వీధంతా కదిలింది. ఏనాడూ ఆ గేటు లోపల అడుగు పెట్టనివాళ్ళు కూడా నీళ్ళ గొట్టాలు, చీపుళ్ళు, సున్నం బకెట్లు పట్టుకొని వచ్చి, మూడు రోజులు గోడలు కడిగి వెల్ల వేశారు.

వాళ్ళకు తెలియంది, మనకు తెలిసింది ఒకటుంది. తూర్పు గోడ కింద పునాది ప్లానులో ఉన్నట్టు పద్నాలుగు అడుగులు దిగలేదు. ఎనిమిదడుగుల దగ్గర నీళ్ళూరాయి. గోతి అంచు జారింది. లోపల తవ్వుతున్న మేస్త్రి బావ ఛాతీ దాకా మట్టిలో కూరుకుపోయాడు. గంటసేపు చేతులతో మట్టి తోడి ఆయన్ను పైకి లాగారు. ఆ తరువాత ఆ గోతిలోకి దిగమని ఎవరికీ చెప్పడానికి మేస్త్రికి నోరు రాలేదు. తాను దిగడానికి కాళ్ళు రాలేదు. అడుగున రాళ్ళు పరిచి, కాంక్రీటు పోసి, కాగితం మీద పద్నాలుగని రాసి సంతకం పెట్టాడు.

ఇవాళే విచారణ. పదకొండు గంటలకు, క్వార్టర్ల మూడో అంతస్తు హాల్లో.

తొమ్మిదిన్నరకే మేస్త్రి అక్క గది తలుపు తట్టాడు. కింది అంతస్తులో తూర్పు కొసన ఉంది ఆ గది. అక్కకు డెబ్బై నాలుగు. ఇరవయ్యేళ్ళు ఫొటోలకు ఫ్రేములు కట్టే షాపులో పనిచేసింది. కొలవకుండా కంటితో చూసి గాజు కోస్తే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదని ఆ షాపు యజమాని ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆమె గదిలో మూడు గోడల నిండా ఫ్రేములే. నాలుగోది, తూర్పుది, ఖాళీ. దానికి బీరువా అడ్డంగా ఉంటుంది.

“ఏంట్రా, ఇవాళ శనివారం కూడా కాదు” అంది అక్క. “పెళ్ళికొడుకులా ఇస్త్రీ చొక్కా కూడానూ.”

“విచారణ కదక్కా.”

“ఔనౌను. మేస్త్రిగారి ఉపన్యాసం. మా రేడియో పొద్దున్నుంచీ అదే వాగుడు.” రేడియో అంటే పక్క గది ముసలాయన. నోరు మూసుకోవడం తెలియని మనిషి. “యాభై ఏళ్ళెందుకు, నాకు రెండేళ్ళు నిలబడితే చాలంటున్నాడు. కూర్చో, టీ పెడతా.”

మేస్త్రి కూర్చోలేదు. సున్నం వేయడానికి బీరువాను గోడకు జానెడు ముందుకు జరిపినట్టున్నారు. ఆ సందులో తల దూర్చి చూశాడు.

గోడకు బీట వస్తే తాపీవాళ్ళు చేసే పని ఒకటుంది. బీటకు అడ్డంగా వేలెడు గాజుముక్క పెట్టి, రెండు కొసలూ సిమెంటు ముద్దతో అతికిస్తారు. పక్కన తేదీ రాస్తారు. గాజు సాగదు, వంగదు. గోడ దారమంత కదిలినా ఫట్‌మని విరుగుతుంది. విరగలేదంటే ఆ బీట పాతది, గోడ సర్దుకొని కూర్చుందని అర్థం. పదకొండేళ్ళ కిందట అక్కకు ఈ గది వచ్చిన వారానికే మేస్త్రి బీరువా వెనక ఒక గాజుముక్క అతికించాడు. అప్పట్నుంచి బుధవారం, శనివారం తప్పకుండా వస్తాడు, మొన్న శనివారం ఒక్కటే విచారణ హడావుడిలో తప్పింది. టీ తాగుతాడు, అక్క అటు తిరగ్గానే బీరువా వెనక చూస్తాడు. పదకొండేళ్ళూ గాజు గాజులాగే ఉంది. ఆ గాజును చూసే ఆయన తన తప్పును తానే క్షమించుకున్నాడు. కరపత్రం మీది మాట కూడా ఆ ధైర్యంతో అన్నదే.

ఇప్పుడు అక్కడ గాజు లేదు. తేదీ లేదు. నున్నగా, తెల్లగా కొత్త సున్నం.

“అక్కా, ఇక్కడ గోడకు ఒక ముక్క ఉండాలే?”

“వెల్ల వేసినవాళ్ళు గీకేశారు. మురికనుకున్నారేమో. పాపం, ఎంత శ్రద్ధగా వేశారనుకున్నావు? ఆ మందుల షాపాయన పెళ్ళామైతే నిచ్చెనెక్కి మరీ కడిగింది. ఈ తూర్పు గోడ బయటివైపు నాచు పట్టిందని మూడు రోజులూ గొట్టం ఇక్కడే పెట్టి ఉంచారు. నీళ్ళన్నీ గోడ పక్కనే ఇంకాయి.”

మేస్త్రి లెక్క వేసుకున్నాడు. పాత గుంట పూడ్చిన నింపుడు మట్టి, ఎనిమిదడుగుల పునాది, మూడు రోజుల నీళ్ళు. బీరువాను రెండు చేతులతో పట్టి ఇంకో మూర ముందుకు లాగాడు. కిటికీ వెలుతురు గోడ మీద పడింది.

అప్పుడు కనబడింది గీత.

సున్నం ఎండి పగిలితే సాలెగూడు అల్లినట్టు సన్నసన్నగా నాలుగువైపులా పగులుతుంది. అది ఎవరికీ చేటు చేయదు. ఇది అలా లేదు. నేల మూల నుంచి పైకి, ఇటుక సందు పట్టుకొని, అడ్డంగా కొంత, నిలువుగా కొంత, మళ్ళీ అడ్డంగా, బుజ్జి మెట్ల వరసలా ఎక్కి పోయింది. వెల్ల వేసి నాలుగు రోజులే. అంటే ఈ నాలుగు రోజుల్లో పుట్టిన గీత. మేస్త్రి బొటనవేలి గోరు ఆనించాడు. గోరు కొస లోపలికి దిగింది.

“అక్కా, గోడ కదులుతోంది.”

అక్క స్టవ్వు ఆపింది. ఇటు తిరగలేదు.

“పోయిన బుధవారం గాజు బాగానే ఉంది. నా కళ్ళతో చూశాను. పదకొండేళ్ళుగా కదలని గోడ నాలుగు రోజుల్లో ఇంత కదలడమేంటి? నీళ్ళు పోసినా సరే, ఇంత తొందరగా...” మేస్త్రి తనలో తాను మాట్లాడుకుంటున్నాడు. “గాజు అబద్ధం చెప్పదే.”

“ఆ గాజు నీది కాదురా.”

“ఏంటీ?”

“నీది కాదు. నేను పెట్టింది.” అక్క మంచం మీద కూర్చుంది. టీ గ్లాసు కింద పెట్టడం మరిచిపోయి చేతిలోనే పట్టుకుంది. “రెండేళ్ళ కిందట ఈ గోడ పక్కనే మురుగు కాలువ తవ్వారు చూడు, అప్పుడు విరిగింది నీ గాజు. మధ్యాహ్నం నడుం వాల్చాను. టక్‌మని చప్పుడు. ఇరవయ్యేళ్ళు గాజు కోసినదాన్ని, ఆ చప్పుడు నాకు కొత్తా? లేచి చూస్తే రెండు ముక్కలు.”

“మరి నాకు చెప్పలేదేం?”

“పాత ఫ్రేములోంచి గాజు కోశాను. కప్పులో ఇంత సిమెంటు కలుపుకొని నీలాగే అతికించాను. తేదీ కూడా నీ రాతలోనే దిద్దాను. పలక మీద నీకు అంకెలు నేర్పింది నేనేగా. తలకాయ పెద్దది, కడుపు చిన్నది, నీ ఎనిమిదిని నేను కళ్ళు మూసుకొని వేస్తాను.”

మేస్త్రి గోడను ఆనుకున్నాడు. వెంటనే గుర్తొచ్చి, కాలినట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఎన్నిసార్లు?”

“ఇప్పుడెందుకురా అవన్నీ.”

“అక్కా! ఎన్నిసార్లు?”

“రెండేళ్ళ కిందట ఒకటి. పోయిన ఏడాది ఒకటి. రెండు నెలల కిందట ఒకటి.” అక్క నాలుగో వేలు మడిచింది. “గోడలు కడగడం మొదలెట్టిన రోజు సాయంత్రం ఒకటి. ఆ మర్నాడు నువ్వొచ్చి చూసి వెళ్ళింది దాని బదులు పెట్టిందే.”

ఏడాదికోసారి విరిగింది నెలల్లోకి, నెలల్లోంచి రోజుల్లోకి వచ్చింది. ఇక గంటల్లోకి రావడానికి ఎంతసేపు?  మేస్త్రి పదకొండేళ్ళు ఏ గాజును నమ్మి హాయిగా నిద్రపోయాడో, అందులో రెండేళ్ళు అక్క చేతి పనిని చూసి నిద్రపోయాడు. దాన్ని చూసుకొనే ఊరంతటికీ భరోసా ఇచ్చాడు.

“నీకు పునాది సంగతి తెలుసా?” అన్నాడు మేస్త్రి.

“మీ బావ నా దగ్గర దాచిన సంగతంటూ ఏదైనా ఉందిరా? ఛాతీ దాకా మట్టిలో దిగబడిన మనిషి ఇంటికొచ్చి, ఏం లేదే కాలు జారిందంటే నేను నమ్మానా? ఆ రాత్రే చెప్పాడు. ఇంకెవర్నీ ఆ గోతిలోకి దింపలేదు నీ తమ్ముడు అన్నాడు. అందుకు నిన్ను నేను ఒక్క మాట అనను, ఎప్పటికీ.”

“తెలిసీ ఈ గది ఎలా తీసుకున్నావు?”

“చీటీలో వచ్చింది. కావాలంటే మార్చుకోమన్నారు. మార్చుకుంటే ఇంకొకరు వస్తారు. వాళ్ళకు నీలాంటి తమ్ముడు ఉండొద్దూ, వారానికి రెండుసార్లు గోడ చూసి పోవడానికి?” అక్క నవ్వబోయింది, కుదరలేదు. “నువ్వు నాకోసం రావట్లేదని నాకు తెలుసురా. గోడ కోసం వస్తావు. అయినా వస్తావు కదా, నాకదే చాలు. గాజు విరిగిందని తెలిస్తే ఏం చేస్తావు? నన్ను తీసుకుపోయి ఎక్కడో పడేస్తావు. అక్కడ గోడలు గట్టిగా ఉంటాయి. గట్టి గోడల్ని చూడ్డానికి నువ్వెందుకొస్తావు?”

 మేస్త్రి కాదనడానికి నోరు తెరిచాడు. కాదనడానికి ఒక్క బుధవారమైనా, ఒక్క శనివారమైనా జ్ఞాపకం రాలేదు.

సరిగ్గా అప్పుడే పైన గరగరమంటూ ఏదో ఈడ్చిన చప్పుడైంది. ఒకటి, ఇంకొకటి, ఆ తరువాత వరసగా. కుర్చీలు. విచారణ జరిగే హాలు మూడో అంతస్తులో తూర్పు కొసన ఉంది. అంటే ఈ గది నెత్తిమీద. మెట్ల మీద అడుగుల చప్పుడు, నవ్వులు, చెప్పులు టపటపలాడించుకుంటూ ఎక్కే జనం. ‘పిల్లల్ని కూడా తీసుకురండి, జనం ఎక్కువ కనబడాలి’ అని మందుల షాపాయన వీధంతా చాటించాడని మేస్త్రికి గుర్తొచ్చి పై ప్రాణాలు పైనే పోయాయి.

పైకప్పు అంచు నుంచి సున్నం పెచ్చు ఒకటి, గోరంతది, ఊగుతూ వచ్చి అక్క టీ గ్లాసులో పడింది.

ఇద్దరూ దాన్నే చూశారు.

“లే అక్కా. బయటికి పద. ఇప్పుడే.”

“నువ్వు పైన చెప్పేస్తావు కదూ?” అక్క ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుకు చొక్కా ఇస్త్రీ నలిగిపోయింది. “చెప్పకురా. ఇవాళ్టికి చెప్పకు. నువ్వు చెబితే నలభై రెండు మందినీ సాయంత్రానికల్లా మూటా ముల్లెతో లారీ ఎక్కిస్తారు. తిరిగి తీసుకురారు. రేడియోకు పక్క వీధి దాకా నడిస్తేనే ఆయాసం. వాళ్ళందరి ఉసురూ నీకెందుకు?”

“గోడ కూలితే ఎవరి ఉసురు అక్కా నాకు?”

అక్క చెయ్యి వదిలేసింది.

“సరే, పద. చెప్పులేసుకొని ఆవరణలోకి వస్తా. నువ్వు ముందు వెళ్ళు, పైన జనం ఉన్నారు.”

మేస్త్రి మెట్ల మీదికి పరుగెత్తాడు. అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు తిట్టాయి. ఆయన వినిపించుకోలేదు.

హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక గోడల వెంబడి నిలబడ్డారు. తూర్పు కిటికీల దగ్గర గాలి వస్తుందని అటే ఎక్కువమంది గుమిగూడారు. ముందు బల్ల దగ్గర విచారణ అధికారి, ఆయన పక్కన మట్టి పరీక్ష చేసిన ఇంజనీరమ్మాయి, ముప్ఫయ్యేళ్ళు కూడా నిండని పిల్ల, తన కాగితాలు తిరగేసుకుంటోంది. మొదటి వరసలో రేడియో, చేతిలో కరపత్రం, దాన్ని విసనకర్ర చేసుకొని.

“అదిగో వచ్చాడు మన మేస్త్రిగారు!” మందుల షాపాయన చప్పట్లు కొట్టాడు. హాలంతా కొట్టింది. ఆ చప్పట్ల అదురు మేస్త్రి అరికాళ్ళలోకి వచ్చింది. “అయ్యా అధికారిగారూ, ఇక మేం మాట్లాడ్డం అనవసరం. కట్టిన చేతులే వచ్చాయి. మేస్త్రిగారూ, మీ నోటితో చెప్పండి. ఇది ఎన్నేళ్ళుంటుంది?”

మేస్త్రి మైకు తీసుకోలేదు.

“ముందు మీరంతా తూర్పు వైపు నుంచి ఇటు జరగండి” అన్నాడు. “నెమ్మదిగా.”

ఎవరో నవ్వారు. “ఎందుకు మేస్త్రిగారూ, మీకు గాలి ఆడట్లేదా?”

“ఈ తూర్పు గోడ పునాది పద్నాలుగడుగులని కాగితంలో ఉంది. కాదు. ఎనిమిదే. నేనే ఆపేశాను, నేనే పద్నాలుగని రాశాను. ఆ గోడ ఇప్పుడు కదులుతోంది.”

 వెనక వరసలో ఒక పసిపిల్ల ఏదో అడగబోయింది, వాళ్ళమ్మ దాని నోరు మూసింది.

“మైకు ముందుకొస్తే చెమటలు పట్టి తికమక పడుతున్నారు పెద్దాయన” అన్నాడు మందుల షాపాయన, అధికారి వైపు తిరిగి నవ్వుతూ. ఇటు తిరిగేసరికి ఆ నవ్వు లేదు. “ఏం మాట్లాడుతున్నావు? ఎవరు చెప్పమన్నారు నీకు ఈ మాట?” అంతదాకా మీరన్న మనిషి నువ్వులోకి దిగాడు.

“ఎవరూ చెప్పమనలేదు. చెప్పొద్దన్నవాళ్ళే ఉన్నారు.”

కిటికీ దగ్గర్నుంచి ఒకామె లేచింది. ఆయన మాట నమ్మి ఇల్లిల్లూ తిరిగి సంతకాలు చేయించిన మనిషి. “మొన్న మా గుమ్మంలో నిలబడి రాయిలా ఉందన్నావు కదయ్యా! నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసినట్టు చెప్పావు. ఇవాళ రాయి మట్టైపోయిందా?”

“నమ్మే అన్నానమ్మా. నా కళ్ళు మోసపోయాయి.” అక్క పేరెత్తకుండా దాటేశాడు. “తిట్లన్నీ కింద తింటాను. అందరూ ముందు కిందికి దిగండి.”

“ఇది నాటకం” అన్నాడు మందుల షాపాయన. “పునాదిలో ఏముందో ఎవడు చూడొచ్చాడు? ఎవ్వరూ కదలొద్దు. కదిలితే మన కేసు పోయినట్టే.”

ఎవ్వరూ కదల్లేదు. మేస్త్రికి ఏడుపొచ్చింది. అబద్ధం చెప్పినప్పుడు ఒక్క ప్రశ్న అడగలేదు వీళ్ళు. ఒక్కడు కూడా. ఇప్పుడు నిజం చెబుతుంటే కుర్చీలు మరింత గట్టిగా పట్టుకొని కూర్చున్నారు.

ఇంజనీరమ్మాయి తలెత్తింది. “ఎన్నడుగులన్నారు?”

“ఎనిమిది తల్లీ.”

“అడుగున ఏం వేశారు?”

“రాళ్ళు పరిచి కాంక్రీటు. నీళ్ళూరాయి, గోతి జారింది. మనిషి కూరుకుపోయాడు.”

ఆ పిల్ల కాగితంలో ఒకచోట వేలు పెట్టి చూసింది. “తూర్పు పక్కన మట్టి తీసిన మా బోరుకు పన్నెండడుగుల దాకా నింపుడు మట్టే తగిలింది. నేనేదో పొరపాటు పడ్డాననుకున్నాను” అంది మెల్లగా, ఎవరితోనో కాదు, తనతోనే. “ఈ మధ్య అక్కడ నీళ్ళేమైనా పోశారా?”

 మందుల షాపాయన పెళ్ళాం మొగుడి మొహంలోకి చూసింది. ఆయన తన చేతుల్లోకి చూసుకున్నాడు. గోళ్ళ సందుల్లో ఇంకా సున్నం ఉంది.

“మూడు రోజులు” అంది ఆమె. “శుభ్రంగా ఉండాలని. మంచికే అనుకున్నామమ్మా.”

ఇంజనీరమ్మాయి పెన్ను మూత పెట్టింది. కాగితాలు సంచిలో పెట్టుకోలేదు, బల్ల మీదే వదిలేసింది. లేచి నిలబడి చెప్పులు తొడుక్కుంది. మేస్త్రి అరుపులు చేయలేని పని ఆ చెప్పులు చేశాయి. హాల్లో ప్రతి మనిషీ ఆ పాదాల వైపే చూశాడు.

“అందరూ పడమటి మెట్ల మీదుగా కిందికి” అంది. “ముందు ముసలివాళ్ళు, పిల్లలు. పరుగెత్తొద్దు. కుర్చీలు లాగొద్దు. మాట్లాడొద్దు.”

ఆ దిగడం ఎలాంటిదో ఆ రోజు అక్కడున్నవాళ్ళను అడగాలి. నూటపాతిక మంది, చేతికర్రలు, చంకల్లో పిల్లలు, పరుగెత్తాలని కాళ్ళు పీకుతుంటే ముసలివాళ్ళ అడుగులో అడుగు వేసుకుంటూ. తొమ్మిదంతస్తులొద్దని సంతకాలకు తిరిగినామె ఒక చేత్తో రేడియోను, ఇంకో చేత్తో ముక్కూ మొహం తెలియని ముసలమ్మను పట్టుకొని దించుతోంది. రేడియో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన మౌనం చూసి పక్కవాళ్ళకు ఇంకా భయం వేసింది. సగం మెట్లు దిగాక మాత్రం గొణిగాడు, “రెండేళ్ళు చాలన్నాను గానీ, మరీ ఇంత గీచి బేరమాడతాడనుకోలేదు పైవాడు.” ఎవరో ఏడుస్తూనే నవ్వారు.

చివరివాళ్ళ వెనక మేస్త్రి దిగాడు. ఆవరణలో ఎండ. జనం ప్రహరీ అవతల దాకా పోయి నిలబడ్డారు. క్వార్టర్ల మేనేజరు వేలితో ముసలివాళ్ళను లెక్కపెడుతున్నాడు. మేస్త్రి ఆ లెక్క కోసం ఆగలేదు. తెల్ల జుట్లన్నీ వెతికాడు. తెలిసిన నడుం వంపు కోసం వెతికాడు.

“మా అక్కేదీ?”

“నలభై ఒకటి” అన్నాడు మేనేజరు.

మేస్త్రి వెనక్కి పరుగెత్తాడు. ఎవరో ఆగమని అరిచారు. కింది వరండాలో మనిషన్నవాడు లేడు. తూర్పు కొసన అక్క గది తలుపు మూసి ఉంది. రెండు చేతులతో బాదాడు.

“అక్కా! ఏం చేస్తున్నావే లోపల? గడియ తియ్యి!”

“ఎప్పుడో తీశానురా.” గొంతు దగ్గరగానే వినబడింది, తలుపు అవతలే. “చెప్పులేసుకొని బయల్దేరాను. తలుపు రావట్లేదు. ఇందాక నువ్వు వెళ్ళేటప్పుడు బాగానే వచ్చింది కదా? నువ్వు తొయ్యి, నేను లాగుతా.”

మేస్త్రి భుజం ఆనించి ఊపిరి బిగబట్టాడు. తొయ్యబోయి, అలవాటు కొద్దీ తలెత్తి పైకి చూశాడు. నలభై ఏళ్ళు గోడలు కట్టిన కళ్ళు. 

దర్వాజా పైకొయ్య నడుం వంగి ఉంది. దాని మీది ఇటుకల వరస రెండు వేళ్ళ మేర కిందికి దిగి, ఆ కొయ్య మీద కూర్చుంది. కొయ్య వచ్చి తలుపు నెత్తిన కూర్చుంది. మెట్లలాంటి ఆ గీత గది లోపల్నుంచి ఈ వైపుకు వచ్చేసి, సున్నం చీల్చుకొని కప్పు దాకా పోయింది. తలుపు ఉబ్బలేదు, బిగుసుకోలేదు. ఇప్పుడు ఆ గోడను మోస్తున్నది తలుపే.

భుజం తీసేశాడు. వెంట్రుకంత ఒత్తిడి కూడా పడకుండా, వేళ్ళు ఒక్కొక్కటే ఎత్తి తీశాడు.

వెనక అడుగులు. ఇంజనీరమ్మాయి వచ్చి నిలబడింది. ఆమె కూడా పైకి చూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “కిటికీ?” అంది గుసగుసగా.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. ఇనుప ఊచలు. దొంగల భయం లేకుండా జానెడు లోపలికి దించి సిమెంటు పోయించింది ఆయనే.

“అక్కా.” తలుపుకు తగలకుండా సందు దగ్గర నోరు పెట్టాడు. “చెప్పేది విను. తలుపు వదిలెయ్యి. చెయ్యి తీసి వెనక్కి వెళ్ళు. గదికి పడమటి మూలకు పో.”

“ఏంట్రా గొణుగుతున్నావు? బయట గోలకు నాకేం వినబడట్లేదు.”

“తలుపు ముట్టుకోకు! వదిలెయ్యక్కా!”

తలుపు లోపలివైపు నుంచి చిన్నగా మూలిగింది. దర్వాజా పైకొయ్య మీంచి ఎర్రటి ఇటుక పొడి సన్నని ధారగా మేస్త్రి మొహం మీద పడింది.

“ఆగరా తమ్ముడూ, అరవకు” అంది అక్క, లోపల్నుంచి సంబరంగా. “కదిలింది. వస్తోంది, వస్తోంది!”